మొదటి రెండు నిమిషాలు కత్తిరించకండి

ప్రశ్న: నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. మంచం పట్టిన తల్లిదండ్రులను ఇంట్లోనే ఉంచుకుని చూసుకుంటున్న వాళ్ల మీద నా పని. ఇప్పటికి 11 ఇంటర్వ్యూలు అయ్యాయి. ప్రతిసారీ మొదటి రెండు మూడు నిమిషాలు ఏదో తేడాగా నడుస్తున్నాయి. ‘ఒక కేర్‌గివర్‌గా మీ అనుభవం చెప్పండి’ అని అడిగితే ఒకావిడ ‘కేర్‌గివరేంటమ్మా, నేను ఆవిడ కూతుర్ని’ అన్నారు. ఇంకొకాయన మీటింగ్‌లో మాట్లాడినట్టు ‘మాలాంటి వాళ్ల సమస్యలు’ అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు ఆగలేదు, వాళ్ల నాన్నగారి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మూడో ఆవిడ తిరిగి నన్నే అడిగారు, మీ అమ్మానాన్నలు ఎలా ఉన్నారు, వాళ్లను ఎవరు చూసుకుంటారు అని. నాకు టెన్షన్ వచ్చేసి మాట మార్చేశాను. మా గైడేమో అవన్నీ పలకరింపులు, ట్రాన్స్‌క్రిప్ట్‌లోంచి తీసేసి అసలు విషయం దగ్గర మొదలుపెట్టు అంటున్నారు. తీసేయనా? మిగిలిన ఇంటర్వ్యూలకు మొదటి ప్రశ్న మార్చాలా? థీసిస్ టైటిల్‌లోనే ‘కేర్‌గివర్స్’ అని ఉంది, అదీ మార్చాలా?

జవాబు:

తీసేయకండి. ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క మాట వినండి, ఆ 11 రికార్డింగులూ మొదటి సెకను నుంచి అలాగే ఉంచండి. ఆ కూతురు అన్న ఒక్క వాక్యం కోసమే నేను ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను, ఎందుకంటే మీ థీసిస్‌కు కావలసిన సగం విషయం అందులోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆవిడ ఏం చేశారో నిదానంగా చూడండి. మీరు ‘కేర్‌గివర్’ అన్నారు. ఆ మాట ఒంటరిగా రాదు, వెంట ఒక జోడీని తెచ్చుకుంటుంది. కేర్‌గివర్ ఉంటే పేషెంట్ ఉండాలి. అంటే మీరు ఆవిడకు ఒక పేరు పెట్టే క్షణంలోనే, పక్క గదిలో పడుకుని ఉన్న వాళ్ల అమ్మకు కూడా ఒక పేరు పెట్టేశారు. ఆవిడ ‘నేను ఆవిడ కూతుర్ని’ అన్నప్పుడు తన గురించి చెప్పుకున్నట్టు వినిపిస్తుంది కానీ, నేను చదివితే ఆవిడ ముందు వాళ్ల అమ్మను వెనక్కి తెచ్చుకున్నారు. కూతురు ఉన్నచోట అమ్మ ఉంటుంది, పేషెంట్ ఉండదు. ఒక్క వాక్యంలో ఇద్దరి స్థానాలూ సరిచేశారు. దీన్ని పలకరింపు అని తీసేస్తే ఎలాగండీ?

ఇలా మనుషుల్ని ఏదో ఒక వర్గంలో పెట్టే, జోడీలుగా వచ్చే పేర్ల గురించి మొదట పట్టి పట్టి ఆలోచించినవాడు హార్వీ శాక్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. 1960లలో క్లాసుల్లో ఆయన ఒక చిన్న పిల్ల చెప్పిన కథలోని రెండు వాక్యాలు తీసుకుని చాలాసేపు మాట్లాడేవాడు: పాప ఏడ్చింది, అమ్మ ఎత్తుకుంది. ఎవరి అమ్మ అని అందులో లేదు. అయినా ఆ పాప వాళ్ల అమ్మే అని అందరం వింటాం. ఎందుకు ఎత్తుకుందో కూడా లేదు, అయినా ఏడ్చింది కాబట్టే ఎత్తుకుందని వింటాం. అమ్మ అనే మాటలోనే ఎవరితో జత, ఏం చేయాలి, చేయకపోతే ఎవరు ఏమనుకుంటారు అన్నీ మడిచి ఉన్నాయి. విప్పి చెప్పాల్సిన పని లేదు, వినేవాళ్లు విప్పుకుంటారు.

అదే శాక్స్ 1963-64లో లాస్ ఏంజెలెస్‌లోని ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చిన ఫోన్ కాల్స్ రికార్డింగులు విన్నాడు. ఫోన్ ఎత్తినవాళ్లు తమ పేరు చెప్పి మాట మొదలుపెడితే చాలాసార్లు అవతలివాళ్లు కూడా పేరు చెప్పేస్తున్నారు. ఒక కాల్‌లో అవతలి మనిషి పేరు చెప్పకుండా, మీ మాట వినపడటం లేదు అంటాడు. శాక్స్‌కు అక్కడ అనుమానం వచ్చింది. మొదటి మాటలో పేరు ఉంటే బదులుగా పేరు చెప్పడానికి అక్కడ చోటు ఏర్పడుతుంది, ఆ చోట వినపడలేదు అంటే పేరు చెప్పాల్సిన వంతు దాటిపోతుంది. పేరు ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగరు కూడా. మీ మొదటి ప్రశ్న కూడా అలాంటి ఒక చోటు తయారుచేస్తోంది. ‘కేర్‌గివర్‌గా చెప్పండి’ అనగానే, కేర్‌గివర్‌గా చెప్పడమో, కాదని పేచీ పెట్టడమో, వినపడనట్టు వేరే మాటలోకి వెళ్లడమో చేయాలి. మీ ముగ్గురిలో ఒకరు పేచీ పెట్టారు, ఒకరు ఒప్పుకుని మీకు కావలసినదానికంటే ఎక్కువ ఇచ్చారు, మూడో ఆవిడ ప్రశ్నను మీ వైపు తిప్పారు. ముగ్గురూ మీరు అడిగినదానికే జవాబిచ్చారు.

ఆ కూతురు దగ్గర ఇంకొంచెం ఆగుదాం, నాకు అక్కణ్ణుంచి కదలాలని లేదు. కేర్‌గివర్ అలసిపోయాను అనొచ్చు. ఆ మాటకు సంజాయిషీ అక్కర్లేదు, ఆ పనిలో అలసట మామూలే అని అందరూ ఒప్పుకుంటారు. కూతురు అలసిపోయాను అంటే? వెంటనే ఇంకో మాట తగిలించాలి. ఎంతైనా అమ్మే కదా అనో, విసుగు కాదు గానీ అనో. అంటే మొదటి నిమిషంలో ఆవిడ ఎంచుకున్న పేరు, ఆ తర్వాత గంటసేపు ఏది సులువుగా అనగలరో ఏది అనలేరో నిర్ణయించేసింది. ఇప్పుడు మీరు ఒక పని చేయండి. ఆవిడ ట్రాన్స్‌క్రిప్ట్ మొత్తం తీసి, కష్టం, అలసట, నిద్ర లేకపోవడం గురించి మాట్లాడిన చోట్లన్నీ పెన్సిల్‌తో గీయండి. ఆ వాక్యం తర్వాత ఏముందో చూడండి. ఎక్కడైనా సంజాయిషీ లేకుండా అలసట చెప్పారా? చెప్పి ఉంటే ఆ క్షణంలో ఆవిడ ఎవరిగా మాట్లాడుతున్నారు, ఉద్యోగం మానేసిన మనిషిగానా, చెల్లెలి మీద కోపం ఉన్న అక్కగానా? అలా మారిన చోట్లు దొరికితే మీకు ఒక అధ్యాయం దొరికినట్టే. మొదటి రెండు నిమిషాలు కత్తిరించేస్తే ఇది ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే ‘అమ్మే కదా’ అనే మాట అప్పుడు ఉట్టి ప్రేమలా కనిపిస్తుంది. అది ప్రేమే, కాదనను. కానీ దాంతోపాటు అది మీ ప్రశ్నకు ఇంకా కొనసాగుతున్న జవాబు కూడా.

ఇది నేను పుస్తకాల్లోనే చదివి చెప్పడం లేదు. నా మొదటి ప్రాజెక్టు దీర్ఘకాలిక జబ్బులతో బతుకుతున్న వాళ్ల మీద. ఒక ఆసుపత్రి ద్వారా మనుషులు దొరికారు, లోపల తిరగడానికి నాకు మెడలో వేసుకునే కార్డు ఒకటి ఇచ్చారు. ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లినప్పుడు కూడా దాన్ని తీయలేదు, నిజం చెప్పాలంటే అది మెడలో ఉందన్న సంగతే మర్చిపోయాను. ఆవిడ నా మొహం కంటే ముందు ఆ కార్డు చూశారు. కుర్చీ తుడిచి వేసి, లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక లావుపాటి ఫైలు తెచ్చి, తేదీల వరుసలో ఉన్న కాగితాలు నా వైపు తిప్పి పెట్టారు. నేనింకా ఏమీ అడగలేదు. ‘మందులు ఒక్క పూట కూడా మానలేదండీ’ అన్నారు. ఆవిడ బాగా సహకరించారు అని నేను నోట్సులో సంతోషంగా రాసుకున్నాను. గంటసేపు ఆవిడ నాకు ఫైలే చెప్పారు. మందులు మానేసిన రోజులు, ఎందుకు మానేశారు, డబ్బులా భయమా, ఇవేవీ రాలేదు, రావు కూడా. ఆవిడ మాట్లాడింది ఆసుపత్రి మనిషితో. ఆసుపత్రి మనిషి ముందు కూర్చున్నది మంచి పేషెంటు. నాకు ఇది అర్థం కావడానికి ఎనిమిది నెలలు పట్టింది, అదీ రికార్డింగు మొదట్లో కాగితాల చప్పుడు విని, ఇదేంటి నేను అడగకముందే ఈ చప్పుడు వస్తోందేంటి అనుకున్నాక. అప్పటికి ఆవిడ లేరు. అందుకే మీ గైడ్ తీసేయమన్నారని చదవగానే నాకు అంత గాబరా అనిపించింది.

ఇక ఆ మీటింగ్‌లో మాట్లాడినట్టు మాట్లాడినాయన. ఆయన్ని తప్పుపట్టకండి. ఆయన్ని పిలిచేటప్పుడు మీరు ఏం రాశారో తీసి చూడండి. ‘కేర్‌గివర్లు ఎదుర్కొంటున్న సమస్యల మీద అధ్యయనం, మీలాంటి వారి అభిప్రాయాలు ఎంతో విలువైనవి’ లాంటి వాక్యం ఉంటుందని నా అనుమానం, దాదాపు అందరం అలాగే రాస్తాం. మీరు బహువచనంలో పిలిచారు, ఆయన బహువచనంలో వచ్చారు. ఒక వర్గానికి ప్రతినిధిగా పిలిచినప్పుడు మనిషి సొంత నాన్నగారి సంగతి ఎత్తడం కొంచెం మర్యాద తప్పినట్టే అనిపిస్తుంది, నా గోల ఎందుకులే అనుకుంటాడు. బ్రిటన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు జొనాథన్ పాటర్, అలెక్సా హెప్‌బర్న్ 2005లో ఇంటర్వ్యూ పరిశోధనల మీద గట్టి విమర్శ ఒకటి రాశారు. వాళ్ల ఫిర్యాదుల్లో ఇదొకటి: మనుషుల్ని ఏ పేరుతో పిలిచారో, ఏం చెప్పి కూర్చోబెట్టారో పరిశోధకులు తమ వ్యాసాల్లో రాయరు, జవాబులు మాత్రం గాల్లోంచి ఊడిపడినట్టు కోట్ చేస్తారు. నాకు ఆ విమర్శలో అన్నీ నచ్చవు, ఇంటర్వ్యూలను మరీ అనుమానంగా చూస్తారనిపిస్తుంది, కానీ ఈ ఒక్క విషయంలో వాళ్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మీ ఇంటర్వ్యూ మొదలైంది మీరు కుర్చీలో కూర్చున్నప్పుడు కాదు, మీ మెసేజ్ వాళ్ల ఫోన్లో పడ్డప్పుడు. ఆ మెసేజ్‌లు, పరిచయం చేసినవాళ్లు మీ గురించి ఏం చెప్పారో ఆ మాటలు, సమ్మతి పత్రంలోని మొదటి పేరా, అన్నీ డేటాలో భాగంగా దాచుకోండి.

పేచీ పెట్టడం గురించి ఇంకో సంగతి, మీకు ధైర్యంగా ఉంటుందని చెబుతున్నాను. స్యూ విడికూంబ్, రాబిన్ వుఫిట్ అనే ఇద్దరు పరిశోధకులు, పంక్‌లు, గోత్‌లు లాంటి యువత గుంపులతో మాట్లాడి 1995లో పుస్తకం తెచ్చారు. జుట్టు, బట్టలు చూస్తే ఏ గుంపో ఎవరికైనా తెలిసిపోయే పిల్లలు. అయినా మొదట్లోనే నీ గురించి, నీ వేషం గురించి చెప్పు అని అడిగితే చాలామంది నేను ఫలానా అని సూటిగా చెప్పలేదు. ప్రశ్న అర్థం కానట్టు తిరిగి అడిగారు, ఇలాంటి ప్రశ్నలు ఇష్టం ఉండవన్నారు, నాకిలా బాగుంటుంది అంతే అన్నారు. వాళ్లకు తామెవరో తెలియక కాదు. నన్ను చూడగానే నువ్వు నిర్ణయించేసుకున్న గుంపులో నేనొకణ్ణి మాత్రమే కాదు, ముందు నేను మామూలు మనిషిని అని ఆ తప్పించుకోవడంలోనే చెబుతున్నారు. దాన్ని ఆ ఇద్దరూ సహకరించకపోవడం అనుకుని పారేయకుండా, కూర్చుని విశ్లేషించారు. మీ పని కూడా అదే.

మూడో ఆవిడ మీ అమ్మానాన్నల గురించి అడిగినప్పుడు మాట మార్చానన్నారు కదా. మళ్లీ అలా చేయకండి. ఆవిడ ఆరా తీయలేదు, మీతో ఎవరితో మాట్లాడినట్టు మాట్లాడాలో తేల్చుకుంటున్నారు. చదువుకున్న పిల్లతోనా, రేపో మాపో తనలాగే కాబోయే ఒక కూతురితోనా, పెళ్లయినామెతోనా? మీరు తలుపు దగ్గర నిలబడ్డ క్షణం నుంచి మీ పేరు, యాస, వయసు, చేతిలో ఫోను చూసి మిమ్మల్ని ఏదో ఒక వర్గంలో పెట్టేసే ఉంటారు, అడగడం అంటే సరిచూసుకోవడమే. ఆన్ ఓక్లీ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త తల్లులు కాబోతున్న స్త్రీలతో చేసిన ఇంటర్వ్యూల గురించి 1981లో రాస్తూ, వాళ్లు తనను వందల ప్రశ్నలు అడిగారనీ, జవాబు చెప్పకుండా తప్పించుకోమని అప్పటి పాఠ్యపుస్తకాలు నేర్పేవనీ, తను మాత్రం చెప్పాననీ అంది. నేను ఆవిడ పక్షమే. అడిగినదానికి నిజం, క్లుప్తంగా, రెండు వాక్యాల్లో చెప్పండి. ‘మా నాన్నగారు బాగానే ఉన్నారండీ, అమ్మకు మోకాళ్లు, ఇంకా నా దాకా రాలేదు’ అన్నారనుకోండి, ఆ ‘ఇంకా నా దాకా రాలేదు’ అన్నదానికి ఆవిడ ఏం జోడిస్తారో వినండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేనూ కూతుర్నే, మీరూ కూతురే అన్న మాట మీద మరీ ఆనుకోకండి. కేథరిన్ రీస్‌మన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1987లో రాసిన ఒక వ్యాసంలో భర్త నుంచి విడిపోయిన ఇద్దరు స్త్రీలు ఉంటారు, ఇంటర్వ్యూ చేసినామె కూడా స్త్రీయే, తెల్లజాతి ఆమె. తనలాగే తెల్లజాతి అయిన ఒకామె జరిగినవి కాలక్రమంలో చెబితే ఇద్దరికీ మాట కలిసింది. రెండో ఆమె, ప్యూర్టోరికో అనే కరీబియన్ దీవి మూలాలున్న స్త్రీ, సంఘటనలను విడివిడిగా, తనకు ముఖ్యమైన వరుసలో చెబితే అడిగేవాళ్లకు అందలేదు, మాటిమాటికీ అపార్థాలు. ఇద్దరూ ఆడవాళ్లే అన్నది చాలలేదు. పైగా ఏ వర్గం ఎప్పుడు అడ్డొస్తుందో అన్నది అడిగే విషయాన్ని బట్టి మారుతుంది. డెట్రాయిట్‌లో 1968లో జరిగిన సర్వేను విశ్లేషించి హోవార్డ్ షూమన్, జీన్ కాన్వర్స్ 1971లో చూపించింది అదే. నల్లజాతివారిని అడిగింది తెల్లవారా నల్లవారా అన్నదాన్ని బట్టి, తెల్లవారి మీద నమ్మకం, కోపం లాంటి ప్రశ్నలకు జవాబులు గట్టిగా మారాయి, చాలా ఇతర ప్రశ్నలకు అంతగా మారలేదు. మీ విషయానికి వస్తే, మందుల వేళల గురించి మీరు ఎవరైనా ఒకటే జవాబు రావచ్చు. అన్నదమ్ములు డబ్బు పంపడం లేదన్న సంగతి, కోపంలో ఒకసారి చేయి విసిరిన సంగతి, మీరెవరన్నదాన్ని బట్టి వస్తుంది లేదా రాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. మార్చండి, కానీ ఏ రంగూ లేని ప్రశ్న ఒకటి ఎక్కడో ఉందని వెతుక్కోకండి, అది లేదు. చాలామంది ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పండి’ అని మొదలుపెట్టమంటారు. నాకూ ఇష్టమైన ప్రశ్నే, ఏ పేరూ పెట్టకుండా మనిషిని తన రోజులోకి పంపిస్తుంది. అయితే అది కూడా కొందరికి తలుపు వేసేస్తుంది. పక్కబట్టలు మార్చే కూతురికి ఆ ప్రశ్నకు రోజంతా జవాబుంది, దూరంగా ఉండి ఖర్చు భరిస్తూ రాత్రిళ్లు ఫోన్ మోగితే ఉలిక్కిపడే కొడుక్కి దానికి జవాబే లేదు, తను ఏమీ చేయడం లేదని మొదటి నిమిషంలోనే ఒప్పుకోవాల్సి వస్తుంది. నేనైతే ‘మీ అమ్మగారి గురించి చెప్పండి, ఆరోగ్యం సంగతి తర్వాత మాట్లాడదాం’ అని మొదలుపెడతాను. ఆవిడ అమ్మగా మొదలవుతుంది, మాట్లాడేవాళ్లు కూతురా, కోడలా, నర్సా, మేనేజరా అన్నది వాళ్లే చెప్పుకుంటారు. ‘కేర్‌గివర్’ అన్న మాట చివర్లో మీరే తీసుకురండి: మీలా చేసేవాళ్లను ఈ మాటతో పిలుస్తున్నారు, మీకెలా అనిపిస్తుంది అని. అప్పుడు అది మీరు అంటించిన పేరుగా ఉండదు, ఇద్దరూ కలిసి చూసే వస్తువు అవుతుంది.

వయసు, చదువు, ఉద్యోగం, పెళ్లి అని గళ్లు గళ్లుగా ఉండే కాగితం ఉంటే దాన్ని చివరికి నెట్టేయండి. మొదట్లో అది నింపిస్తే, నాకు నువ్వు ఈ గళ్లలోని మనిషివి అని చెప్పి మొదలుపెట్టినట్టు. ఇక రికార్డర్ సంగతి, సమ్మతి తీసుకోకుండా నొక్కకూడదు, కాబట్టి ఆ ముందు మాటలు రికార్డులో ఉండవు. బయటికి రాగానే, బస్సు ఎక్కకముందే, తలుపు తీసింది ఎవరు, మిమ్మల్ని లోపల ఉన్నవాళ్లకు ఏమని పరిచయం చేశారు, ఎక్కడ కూర్చోబెట్టారు, మొదటి ప్రశ్న ఎవరు అడిగారు అని ఒక పేజీ రాసుకోండి. మిగిలిన ఇంటర్వ్యూలు కొత్త ప్రశ్నతో చేసి, పాత 11 పాత ప్రశ్నతో జరిగాయని థీసిస్‌లో ఉన్నదున్నట్టు రాయండి. రెండు రకాల మొదళ్లు ఉండటం లోపం కాదు, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

గైడ్‌తో వాదన పెట్టుకోవద్దు, సిద్ధాంతాలు చెప్పి గెలవడం కష్టం. ఆ కూతురి ట్రాన్స్‌క్రిప్ట్‌లో మొదటి పది లైన్లు, అలసట గురించి మాట్లాడిన ఒక పది లైన్లు, ఒకే కాగితం మీద పైనా కిందా ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టండి. మీరేమీ చెప్పకుండా చదవనివ్వండి. దగ్గర్నుంచి చదివే అలవాటున్న మనిషైతే పై పది లైన్లు తీసేయమని మళ్లీ అనరు. అన్నా సరే, అసలు ఫైళ్లు మాత్రం చెరపకండి.

టైటిల్ మార్చకండి. ‘కేర్‌గివర్స్’ మీరు విశ్లేషణ కోసం వాడుతున్న మాట, అలాంటి మాట ఒకటి లేకపోతే ఇంతమందిని ఒకచోట చేర్చలేరు, చదివేవాళ్లకూ మీ పని దొరకదు. అయితే మొదటి అధ్యాయంలోనే ఈ మాట మీదని, వాళ్లది కాదని రాయండి. మీరు మాట్లాడినవాళ్లలో ఎంతమంది దాన్ని ఒప్పుకున్నారో, ఎంతమంది పక్కకు నెట్టారో, నెట్టి దాని స్థానంలో ఏ మాట పెట్టారో లెక్కతో సహా చెప్పండి. ఆ లెక్క కోసమైనా మళ్లీ ఆ 11 రికార్డింగుల మొదళ్లు వినాలి. ఈ వారమే వినండి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక్కొక్కటీ మూడేసి సార్లు.